జెర్డన్ దొర - కలివికోడి

నెల్లూరు నుండి పడమటి దిక్కుగా బయలుదేరిన బాటసారికి మొదట పెన్న కాలువల క్రింది వరిచేలు, నిండు చెరువులు కన్నుల పండువుగా కనిపిస్తాయి. ఆత్మకూరు దాటిన పిమ్మట నేల స్వభావమే మారిపోతుంది. పచ్చదనం క్రమంగా పలచబడుతుంది. గులకరాళ్లు కలిసిన ఎర్రనేల, ముళ్లపొదలు, నడుమ నడుమ పశువులు మేసే బీళ్లు ఎదురౌతాయి. ఇంకను ముందుకు సాగితే ఉదయగిరి దుర్గం తలయెత్తి నిలుస్తుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గం అది. నెల్లూరు సీమకును కడప సీమకును నడుమ గోడవలె నిలిచిన వెలిగొండలు ఆ పడమటి దిక్కుననే ఉన్నవి. ఆ కొండలను చీల్చుకొని పెన్న సోమశిల వద్ద నెల్లూరు సీమలో అడుగుపెడుతుంది.

ఈ దుర్గం కథ బడిపిల్లలందరూ చదువుకొన్నదే. కాని ఈ కొండల సానువులకు మరియొక కథ ఉన్నది. అందులో కోటలు లేవు, ముట్టడులు లేవు. ఒక చిన్న పక్షి ఉన్నది. దానిని మొదట లోకానికి ఎరుకపరచిన ఒక వైద్యుడు ఉన్నాడు. ఆ పక్షి కలివికోడి. ఆ వైద్యుడు థామస్ కావర్హిల్ జెర్డన్. భారతదేశపు పక్షులను గురించి చదివే వారెవరైనను తప్పక తలచుకొనే పేరు అది.

జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డరం మండలంలో జన్మించినాడు. ఆయన పూర్వులది స్కాట్లండు సరిహద్దులోని జెడ్‌బరో ప్రాంతం. చిన్ననాటి నుండి మొక్కలయందు, పురుగులయందు, పిట్టలయందు ఆయనకు మక్కువ మెండు. 1828 ప్రాంతంలో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, మొదట సాహిత్యాన్ని, ఆ తరువాత వైద్యాన్ని అభ్యసించినాడు. అక్కడ రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుడు ప్రకృతి శాస్త్రాన్ని బోధించేవాడు. కొద్ది యేండ్లకు ముందు అదే ఆచార్యుని పాఠాలు విన్న విద్యార్థులలో చార్లెస్ డార్విన్ ఒకడు. డార్విన్ వైద్యవిద్యను వదలి 1827లో ఎడింబరోను విడిచిపోయినాడు. జెర్డన్ మాత్రం వైద్యాన్ని వదలలేదు. ప్రకృతి శాస్త్రాన్నీ వదలలేదు. ఈ రెండు వృత్తులు ఆయన జీవితంలో కడవరకు జోడెద్దులవలె కలిసి నడచినవి.

1835లో ఆయనకు ఈస్టిండియా కుంఫిణీ కొలువులో సహాయ వైద్యుని ఉద్యోగం లభించింది. 1836 ఫిబ్రవరిలో చెన్నపట్నంలో ఓడ దిగినాడు. అప్పటికి గంజాం జిల్లాలోని గుంసూరు కొండలలో పోరు సాగుతున్నది. చలిజ్వరాలతో, రక్తగ్రహణితో సిపాయిలు మంచం పట్టుతున్నారు. క్రొత్తగా వచ్చిన ఈ యువ వైద్యుణ్ణి అక్కడికే పంపినారు. రోగులకు మందిచ్చే వేళ పోను మిగిలిన వేళలందు ఆయన తూర్పు కనుమల పక్షులను పరిశీలించినాడు. ఆ విధంగా భారతదేశంలో ఆయన ప్రకృతి పాఠశాల తూర్పు కనుమలతోనే ఆరంభమైనది. మరుసటి సంవత్సరం ఆయనను ఆశ్వికదళానికి మార్చినారు. దండుతోపాటు తిరుచిరాపల్లికి, అటుపిమ్మట దక్కనులోని జాల్నాకు వెళ్లి నాలుగేండ్లు గడిపినాడు. దండు ఎక్కడ దిగితే అక్కడి చెట్టు చేమలలో, చెరువుగట్లలో తెల్లవారుజామున జెర్డన్ కనిపించేవాడు.

ఈ నాలుగేండ్లలో జరిగిన ఒక సంఘటన ఆయన జీవితానికి మలుపు అయినది. ఆ కాలంలో ఈ దేశంలో ఒక పక్షిని పట్టి ఇది ఫలానా జాతి అని నిర్ణయించడం సులభసాధ్యం కాదు. పోల్చి చూడడానికి తగిన గ్రంథాలు లేవు. మద్రాసు రాజధానిలో చెప్పుకోదగిన పక్షి సంగ్రహాలు లేవు. నిర్ణయించవలసిన పండితులందరూ ఆరు నెలల ఓడ ప్రయాణానికి ఆవల ఉన్నారు. అందువలన జెర్డన్ తాను సేకరించిన పక్షి చర్మాలను జాగ్రత్తగా పెట్టెలలో సర్ది, స్కాట్లండులోని విలియం జార్డీన్ అనే సుప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞునికి పంపినాడు. ఆయన చూచి పేర్లు నిర్ణయించి పంపుతాడని ఎదురుచూచినాడు. ఆ పెట్టెలు జార్డీన్ ఇల్లు చేరేసరికి చర్మాలన్నీ చిమ్మటల పాలైనవి. యేండ్ల కష్టం పొడి పొడి అయినది.

మరొకడైతే ఆ దెబ్బతో నిరాశపడి తుపాకిని అటక ఎక్కించి ఉండేవాడు. జెర్డన్ అట్లా చేయలేదు. దూరాన ఉన్న పండితుని తీర్పు కోసం ఎదురుచూడడం కంటె, ప్రాణమున్న పక్షిని ప్రత్యహం చూస్తున్న తన కంటినే నమ్ముకోవడం మేలని నిశ్చయించుకొన్నాడు. తన దగ్గర మిగిలిన నమూనాలను, తాను వ్రాసికొన్న దినచర్యలను ఆధారం చేసికొని దక్షిణ భారతదేశపు పక్షుల పట్టికను సిద్ధపరచినాడు. అది 1839-40 సంవత్సరాలలో మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికలో ప్రచురితమైనది. అందులో 420 జాతుల వివరణ ఉన్నది. అంతకు ముందు దక్షిణాపథపు పక్షులను గురించి వచ్చిన పట్టికలేవీ దీని దరిదాపులకు రావు.

ఈ పట్టిక వ్రాయడంలో ఆయనకు చేయూతనిచ్చినవారిలో వాల్టర్ ఎలియట్ ముఖ్యుడు. ఎలియట్ కూడ జెడ్‌బరో ప్రాంతపువాడే. మద్రాసు సివిలు కొలువులో ఉండి, ఆ తరువాతి కాలంలో గుంటూరులో ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసినాడు. అమరావతి స్తూప శిల్పాలను 1845లో త్రవ్వించినవాడు ఆయనే. ఆంధ్ర దేశపు మొక్కల తెలుగు పేర్లను, శాస్త్రనామాలను ప్రక్క ప్రక్కన చేర్చి 1859లో ఒక గ్రంథాన్ని ప్రకటించినవాడును ఆయనే. ఒక ప్రాణికి దేశభాషలో ఉన్న పేరు కూడ శాస్త్రానికి పనికివచ్చే సమాచారమే అన్న భావం ఎలియట్‌కు ఉండేది. అదే భావం జెర్డన్ రచనలలోను అడుగడుగునా కనిపిస్తుంది.

1841లో జెర్డన్ నీలగిరులకు వెళ్లి అక్కడ ఫ్లోరా మెక్లాడ్ అనే యువతిని వివాహమాడినాడు. ఆమెకు మొక్కలను చూచి చిత్రించే విద్య తెలుసు. ఆ తరువాత ఆయన నెల్లూరుకు సివిల్ సర్జనుగా వచ్చినాడు. 1843-47 సంవత్సరాల నడుమ భారతదేశపు పక్షుల చిత్రావళిని భాగాలుగా మద్రాసులో ప్రకటించినాడు. అందులో 50 చిత్రపటాలు ఉన్నవి. చేతితో రంగులద్దిన ఆ పటాలకు మూలచిత్రాలను రచించిన వారిలో భారతీయ చిత్రకారులు ఉన్నారు. దక్షిణ భారతదేశపు పక్షులను అంత నిండుగా చూపిన గ్రంథం అంతకు మునుపు మద్రాసులో వెలువడలేదు.

నెల్లూరు ఉద్యోగం జెర్డన్‌కు ఒక వరం. తూర్పున సముద్రం, ఉప్పుటేరులు, నడుమ పెన్న, పడమట వెలిగొండలు. ఒకే జిల్లాలో మూడు విధాలైన ప్రకృతి. ఆ అడవులయందు, వాటి అంచులయందు యానాదులు, ఎరుకలు నివసించేవారు. ఏ పుట్టలో ఏ పాము ఉన్నది, ఏ పొదలో ఏ పిట్ట గూడు కట్టింది, ఏ కూత ఏ వేళ వినిపిస్తుంది అన్న విషయాలు వారికి కరతలామలకాలు. అడవి తెలిసినవారి నోట విన్న పేర్లను జెర్డన్ తన గ్రంథాలలో శాస్త్రనామాల ప్రక్కన చేర్చుతూ వచ్చినాడు. పాలపిట్ట, పసుల పోలిగాడు, తోక పిగిలిపిట్ట వంటి తెలుగు పేర్లు ఆ ఆంగ్ల గ్రంథాల పుటలలో కనిపిస్తే తెలుగువాని మనస్సు పులకరిస్తుంది. ఆ పేర్లలో అలంకారం ఉన్నది. అంతకంటె ముఖ్యంగా పరిశీలన ఉన్నది. పశువుల వీపుల మీద కూర్చుండి, అవి మేసేటప్పుడు లేచే పురుగులను పట్టి తినే నల్లని పిట్టను పసుల పోలిగాడు అని పిలిచినవాడు ఆ పిట్ట నడవడిని చక్కగా గమనించినవాడే గదా!

నెల్లూరుకును కడపకును నడుమనున్న ఈ కొండనేలలోనే జెర్డన్‌కు ఒక అపరిచితమైన పక్షి లభించింది. గువ్వ కంటె కొంచెం పొడవు. మూడు వ్రేళ్ల పొడుగాటి సన్నని కాళ్లు. పెద్ద పెద్ద కన్నులు. కంటి మీదుగా వెడల్పయిన తెల్లని చార. గొంతు క్రింద ఇటుకరంగు మచ్చ. రొమ్ముమీద రెండు కంఠహారాలు వేసికొన్నట్లు రెండు గోధుమవన్నె పట్టెలు. పరుగుపిట్ట అని చెప్పదగిన వర్గంలోనిదని చూడగానే తెలుస్తుంది. కాని అంతవరకు ఎరిగిన ఏ జాతితోను అది సరిపోలలేదు. జెర్డన్ దానిని కలకత్తాలోని ఆసియా సంఘపు ప్రదర్శనశాలకు ఎరుకపరచినాడు. అక్కడి అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ పరిశీలించి, ఇది శాస్త్రానికి క్రొత్త జాతియే అని 1848లో ప్రకటించినాడు. దాని లాటిను నామానికి రెండు కంఠహారాలు కలది అని అర్థం. ఆంగ్లంలో మాత్రం నేటికీ దానిని జెర్డన్ పేరుతోనే పిలుస్తున్నారు.

ఈ పక్షి సంచరించే తావును జెర్డన్ క్లుప్తంగానైనను స్పష్టంగా నమోదు చేసినాడు. రాళ్లు తేలిన ఎగుడుదిగుడు నేల, పలచని చిట్టడవి దాని నివాసమని, చిన్న చిన్న గుంపులుగా కనిపిస్తుందని, అప్పుడప్పుడు దీనంగా కూస్తుందని వ్రాసినాడు. దానికి ఈ ప్రాంతంలో వినిపించే తెలుగు పేరును కూడ చేర్చినాడు. ఆంగ్లాక్షరాలలో ఇమిడిన ఆ పేరును ఇప్పుడు మనం సుమారుగా అడవ ఉటతిత్తి అని చదువుకోవాలి. పరభాషా లిపిలో పడి ఆ పేరు ఉచ్చారణ కొంత చెదరిపోయినది. అయినను ఆయన దానిని వదలిపెట్టకపోవడమే విశేషం.

పక్షులతోనే జెర్డన్ తృప్తిపడలేదు. దక్షిణ భారతదేశపు మంచినీటి చేపలను గురించి 1849లో వ్రాసినాడు. తెల్లిచ్చేరికి సివిల్ సర్జనుగా మారిన తరువాత చీమలను పరిశీలించి 1851లో వాటి పట్టికను ప్రకటించినాడు. ఎగిరి దుమికి వేటాడే ఒక వింత చీమను లోకానికి మొదట వర్ణించి చెప్పినవాడు ఆయనే. 1853లో పాములు, తొండలు మొదలైన సరీసృపాల పట్టిక వెలువడింది. ఆయన సేకరణలో నత్తలకును చోటు ఉన్నది. బెంగాలు సివిలు కొలువులోని విలియం బెన్సన్ నత్తల శాస్త్రంలో ఆరితేరినవాడు. ఆయన ఒక నత్తకు జెర్డన్ పేరు పెట్టినాడు. 1861లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు దక్షిణ భారతదేశపు కొండలలోని అతి చిన్న నత్తల వర్గమొకదానికి జెర్డోనియా అని నామకరణం చేసినారు. ఆ నత్తలు కొన్ని మిల్లీమీటర్ల పరిమాణం కలవి. ఆకుల అడుగున చిత్తడిలో బ్రతుకుతాయి.

ఇక్కడ గుర్తింపు అనే పనిని గురించి కొంత చెప్పుకోవాలి. నత్త చిప్ప చూడడానికి సులువైన వస్తువు. దాని చుట్లు లెక్కించవచ్చు. నోటి ఆకారం చూడవచ్చు. నోటికి మూత ఉన్నదా లేదా అని పరీక్షించవచ్చు. చర్మంవలె అది చిమ్మటల పాలు కాదు. అయినను నత్తలను గుర్తించడంలో పండితులు పొరబడినంతగా మరెక్కడను పొరబడలేదేమో! తూర్పు తీరపు మడ అడవులలో, పోటు నీరు వచ్చిపోయే చోట, చెట్ల కాండాలమీదికి, ఆకులమీదికి ప్రాకే చిన్న నత్తలు ఉన్నవి. ఒకే జాతిలో కొన్ని పసుపువన్నెవి, కొన్ని గోధుమవన్నెవి, కొన్ని చారలు కలవి. మరొకవైపు వేరు వేరు జాతుల చిప్పలు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. రంగును నమ్మితే ఒకటి అనేకమౌతుంది. ఆకారాన్ని నమ్మితే అనేకం ఒకటి అవుతుంది. అందువలన చాలకాలం వాటినన్నిటిని ఒకే పేరు క్రింద కలిపివేసినారు. చిప్పలోపలి జీవి శరీర నిర్మాణాన్ని పరిశీలించి, ఏ నత్త ఏ చెట్టుమీద, ఏ ఎత్తున బ్రతుకుతున్నదో గమనించి, డేవిడ్ రీడ్ అనే శాస్త్రజ్ఞుడు 1986లో ఆ చిక్కును విడదీసి వాటిని పలు జాతులుగా నిర్ణయించినాడు. చిప్ప ఒక్కటే చాలదని, చిప్పలోని ప్రాణిని, దాని బ్రతుకును కూడ ఎరుగవలెనని తేలినది. నూరేండ్లకు పైగా ముందు జెర్డన్ పక్షుల విషయంలో పట్టిన త్రోవ ఇదే. చర్మం కొలతలతో ఆయన ఆగలేదు. పక్షి ఏ నేలలో తిరుగుతుంది, ఏమి తింటుంది, ఎట్లా కూస్తుంది, ఊరివారు దానిని ఏమని పిలుస్తారు అన్నవన్నీ ఆయన దృష్టిలో ఆ పక్షి గుర్తింపులో భాగాలే.

1850వ దశకంలో ఆయన మధ్య భారతంలోని సాగరు ప్రాంతంలో పనిచేసినాడు. 1857 సంగ్రామకాలంలో దండుతోపాటు నడచినాడు. ఆ గందరగోళం అణగిన పిమ్మట ఆయన మనస్సులో చిరకాలంగా ఉన్న కోరిక నెరవేరే అదను వచ్చింది. భారతదేశపు పక్షులన్నిటిని ఒకే గ్రంథంలో వివరించాలని, దూరపు గ్రామంలో ఉన్న ఔత్సాహికుడు సైతం ఆ గ్రంథాన్ని చేతబట్టుకొని పక్షిని పోల్చుకొనగలగాలని ఆయన సంకల్పం. ఒకనాడు పోల్చి చూడడానికి పుస్తకం లేక పెట్టెలు ఓడకెక్కించి నష్టపోయినవాని సంకల్పం అది. రాజప్రతినిధి లార్డ్ కానింగ్ అనుమతితో ఆయనను ఇతర పనుల నుండి తప్పించి ఈ పనికే ప్రత్యేకంగా నియమించినారు. 1862-64 సంవత్సరాలలో కలకత్తాలో ఆ మహాగ్రంథం సంపుటాలుగా వెలువడింది. అందులో 1008 జాతుల వర్ణన ఉన్నది. తరువాత 1867లో భారతదేశపు క్షీరదాలను గురించిన గ్రంథం రూర్కీలో అచ్చయినది.

1868లో జెర్డన్ ఉద్యోగ విరమణ చేసినాడు. విశ్రాంతి తీసికొనవలసిన వయస్సులో అస్సాం అడవులకు వెళ్లినాడు. అక్కడ తీవ్రమైన జ్వరం సోకినది. యౌవనంలో గుంసూరు సిపాయిల జ్వరాలకు మందిచ్చిన వైద్యుణ్ణి చివరకు అడవి జ్వరమే క్రుంగదీసింది. 1870లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లినాడు గాని ఆరోగ్యం కుదుటపడలేదు. 1872 జూన్ 12వ తేదీన లండను సమీపంలోని అప్పర్ నార్వుడ్‌లో కన్నుమూసినాడు. అప్పటికి ఆయనకు అరువది సంవత్సరాలు. తరువాత కాలంలో కాంగ్రెసు మహాసభ స్థాపకులలో ఒకడుగా ప్రసిద్ధికెక్కిన ఏ. ఓ. హ్యూమ్ గొప్ప పక్షిశాస్త్రజ్ఞుడు కూడ. ఆయన భారతదేశపు పక్షులకై నడిపిన పత్రిక వెలువడనారంభించింది ఆ 1872లోనే. జెర్డన్ గ్రంథం వేసిన పునాదిమీదనే ఆ తరువాతివారందరూ గోడలు కట్టినారు.

జెర్డన్ జీవితం అక్కడితో ముగిసినది. ఆయన పక్షి కథ ముగియలేదు. జెర్డోనియా నత్తలకు పేరు పెట్టిన సోదరులలో ఒకడైన విలియం బ్లాన్‌ఫర్డ్, 1867లో ఐరావతీ నదీముఖంలోని ఉప్పుటేటి నత్తలను వర్ణించినవాడు, ఆ రోజులలోనే గోదావరి లోయలో ఈ పక్షిని చూచినాడు. 1900లో అనంతపురం సమీపాన హోవర్డ్ క్యాంబెల్‌కు అది కనిపించింది. ఆ పిమ్మట అది కనుమరుగైనది. ఒక సంవత్సరం కాదు, రెండు సంవత్సరాలు కాదు, ఎనుబదియైదు సంవత్సరాలు! సలీం అలీ అంతటివాడు వెదకి కానక మరలిపోయినాడు. అది భూమిమీద నుండి అంతరించిపోయి ఉంటుందని పలువురు తలపోసినారు.

1980వ దశకంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం ఆ అన్వేషణను మరల చేపట్టింది. ఆ సంఘపు యువశాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చి ఊరూర పక్షి బొమ్మను చూపి అడిగినాడు. ఇది కలివికోడి అని ఊరివారు చెప్పినారు. కలివి పొదల మాటున తిరుగుతుంది గనుక దానికి ఆ పేరు. శాస్త్రలోకం చచ్చిపోయినదనుకొన్న పక్షికి ఇక్కడ బ్రతికి ఉన్న పేరు ఉన్నది! 1986 జనవరిలో, సిద్ధవటం దాపున రెడ్డిపల్లె గ్రామపు వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చినాడు. జెర్డన్‌కు లభించిన చోటు నుండి అది ఎంతో దూరం కాదు; వెలిగొండలకు పడమటి వైపు, పెన్న ఎగువ లోయ.

ఎనుబదియైదేండ్లు ఎందుకు దొరకలేదన్న ప్రశ్నకు కూడ ఆ రాత్రియే సమాధానం దొరికినది. కలివికోడి రాత్రించరం. పగలు పొదల నీడలో కదలక మెదలక ఉండి, ప్రొద్దు గ్రుంకిన తరువాత మేతకు బయలుదేరుతుంది. దాని పెద్ద కన్నుల రహస్యం అదే. శాస్త్రజ్ఞులు ఎక్కువగా పగటివేళ వెదకినారు; వేటగానికి అది ఏ వేళ తిరుగుతుందో తెలుసు. జెర్డన్ దాని రూపాన్ని వ్రాసినాడు, నేలను వ్రాసినాడు, కూతను వ్రాసినాడు, పేరును వ్రాసినాడు. దాని వేళను మాత్రం వ్రాయలేకపోయినాడు. ఆయన వదలిన ఆ ఒక్క ఖాళీని పూరించినవాడు ఏ విశ్వవిద్యాలయంలోను చదువుకొన్నవాడు కాదు. ఈ వార్త వినే భాగ్యం 1987లో మరణించిన సలీం అలీకి దక్కింది. పట్టుబడిన ఆ పక్షి మాత్రం బ్రతకలేదు; బొంబాయి సంఘపు సంగ్రహంలో చేరినది.

ఆ తరువాత లంకమల కొండలలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 1988లో భారత తపాలాశాఖ కలివికోడి బొమ్మతో తపాలాబిళ్లను విడుదల చేసింది. పరిశోధకులు పొదల నడుమ నేలను చదును చేసి మెత్తని మట్టి పరచి, తెల్లవారి ఆ మట్టిమీది అడుగుజాడలను బట్టి కలివికోడి జాడ తీసినారు. మసక వెలుతురులో వినిపించే దాని కూతను బట్టి ఉనికిని నిర్ణయించినారు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ త్రవ్వకం దాని నెలవుల మీదికి వచ్చినప్పుడు పెద్ద వివాదం నడచి, చివరకు కాలువ దారినే మార్చవలసి వచ్చింది. నీరు లేని సీమకు కాలువ అవసరమే. కాలువకు మరొక దారి ఉంటుంది. కలివికోడికి మరొక నేల లేదు. ప్రపంచంలో అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న పక్షుల పట్టికలో దాని పేరు ఉన్నది. పొదలు నరికివేత, పశువుల త్రొక్కిడి, రాళ్ల త్రవ్వకం దాని నేలను ఏటేటా కొరికివేస్తున్నవి.

జెర్డన్ సేకరించిన కాలానికి పక్షిని గుర్తించడమంటే తుపాకితో కొట్టి చర్మం తీయడమే. ఆ పద్ధతిని నేడు ఎవరును మెచ్చరు. కుంఫిణీ కొలువువాడు గనుక ఆయన చేరిన అడవులు కొన్ని యుద్ధపు దారులలో చేరినవే. వీటిని మరచి ఆయనను పొగడనవసరం లేదు. కాని దూరపు పండితుని ముద్రకోసం కాచుకొనక కన్నులు తెరచి చూచిన ఆయన ధైర్యాన్ని, పామరుని నోటిమాటను శాస్త్రనామం సరసన కూర్చుండబెట్టిన ఆయన వినయాన్ని మరువరాదు. మొదటి గుణం వలన కలివికోడి లోకానికి తెలిసింది. రెండవ గుణాన్ని తరువాతివారు తిరిగి అలవరచుకొన్న నాడే పోయిన కలివికోడి మరల దొరికింది.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల బడులలో చదివే పిల్లల ఇండ్లలో, గొర్రెలు కాచే తాతల నోళ్లలో, తేనె తీసే మామల నోళ్లలో ఇప్పటికీ ఎన్నో పిట్టల పేర్లు, పురుగుల పేర్లు, పొదల పేర్లు నిలిచి ఉన్నవి. అవి ఏ పుస్తకానికీ ఎక్కనివి కావచ్చు. ఒక పేరు చెప్పేవారు లేకపోతే, ఆ పేరుగల ప్రాణి పోయినదో ఉన్నదో అడిగేవారు కూడ ఉండరు. ఒక ఉపాధ్యాయుడు తన తరగతి పిల్లలచేత అటువంటి పేర్లను ఒక నోటుపుస్తకంలో వ్రాయిస్తే, ప్రతి పేరు ఎదుట ఆ ప్రాణి తిరిగే చోటును, తిరిగే వేళను కూడ వ్రాయిస్తే, జెర్డన్ పని వెలిగొండల ఈవలి వైపున మరల ఆరంభమైనట్లే.